లక్కడ్‌కోట్ సంతలో లడాయి మాట

నేను ముప్పై ఏళ్లు ఎర్ర బస్సులో కండక్టర్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం చంద్రపూర్ నుంచి రాజురా మీదుగా లక్కడ్‌కోట్ వెళ్లే బస్సే నాది. లక్కడ్‌కోట్ దాటితే తెలంగాణ. ఆ దారిలో సగం మంది మరాఠీలో టికెట్ అడిగేవారు, సగం మంది తెలుగులో. ఎవరి భాషలో వాళ్లకు జవాబు చెప్పేవాణ్ణి. మాది ఆ పక్క ఊరే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చిన్నప్పుడు మా బాపు పంచాంగం ముందు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాడు. అందుకే ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

రిటైరయ్యాక చంద్రపూర్‌లోనే ఉండిపోయాను. ఒకరోజు మా ప్రాంతపు నాయకుడొకాయన పిలిపించాడు. ఆయనది మరాఠీ. సరిహద్దు ఊళ్లలో సభ పెడితే ఆడవాళ్లకు, ముసలివాళ్లకు ఆయన మాట సగమే అందేది. "కండక్టర్, నీ గొంతు బస్సు వెనక సీటు దాకా వినబడేది. నా పక్కన నిలబడి నా మాట తెలుగులో చెప్పు" అన్నాడు. సరేనన్నాను.

అప్పటి నుంచి ఆయన రెండు వాక్యాలు చెప్పి ఆగేవాడు. నేను పక్క మైకులో ఆ రెండూ తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన నవ్వించే మాటంటే మరాఠీ వచ్చినవాళ్లు ముందు నవ్వేవారు, నేను చెప్పాక మిగతావాళ్లు నవ్వేవారు. ఒకే మాట జనంలో రెండుసార్లు పారడం నాకు వింతగా ఉండేది. ఆయన చెడ్డవాడేం కాదు. ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే బండి పంపేవాడు. పేరుపేరునా పలకరించేవాడు. కాకపోతే సభలో చప్పట్లు పడకపోతే ఆ రోజంతా అన్నం సహించేది కాదు ఆయనకు.

ఆ ఎండాకాలం దేశ సరిహద్దులో పరిస్థితి బాగాలేదని టీవీలు పొద్దస్తమానం హోరెత్తించాయి. తెరమీద విమానాలు, మంటలు, ఎర్ర అక్షరాలు. ఏది జరిగిందో ఏది బొమ్మో తెలిసేది కాదు. ఆ వారమే లక్కడ్‌కోట్‌లో సంత రోజున మా నాయకుడి సభ పెట్టారు. తాగునీటి పైపులైను గురించి.

పదింటికే నేల కాలుతోంది. టెంటు కింద జనం తువ్వాళ్లతో విసురుకుంటున్నారు. నాయకుడు పైపుల గురించి చెప్పాడు, ట్యాంకు గురించి చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. ముందు వరసలో ఒకాయన కూర్చునే కునుకు తీస్తున్నాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే లేచి కూరగాయల వైపు జారుకుంటున్నారు. నాయకుడు అది చూశాడు. మాట ఆపి, నీళ్లు తాగి, గొంతు మార్చాడు.

"యుద్ధం తప్పదు. రెండు రోజుల్లో మొదలవుతుంది. నాకు పైనుంచి కబురు వచ్చింది" అన్నాడు మరాఠీలో.

కొన్ని తలలు లేచాయి. నేను అందుకున్నాను.

"లడాయి తప్పది. రెండు దినాలల్ల షురూ అయితది. సాహెబ్‌కు పైకెళ్లి ఖబర్ వచ్చింది."

ఇంక అన్ని తలలూ లేచాయి. కునుకు తీస్తున్న ఆయన కళ్లు తెరిచాడు. కూరగాయల వైపు పోతున్నవాళ్లు వెనక్కి తిరిగారు.

"మన జిల్లాలో కరెంటు తయారవుతుంది. బొగ్గు ఉంది. మందుగుండు తయారవుతుంది. శత్రువు బాంబు ముందు మన మీదే వేస్తాడు. వేయనీ! మేం భయపడం!" అన్నాడాయన.

నేనూ అంతే గొంతుతో చెప్పాను. ముప్పై ఏళ్లు బస్సులో అరిచాను గానీ, నా మాట కోసం అంతమంది అలా ఊపిరి బిగబట్టి చూడటం నేనెప్పుడూ ఎరగను. పిల్లల ఏడుపు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నా తలకెక్కింది. నాయకుడు చెప్పింది అయిపోయింది, నేను మాత్రం ఆగలేదు.

"ఉప్పు, పప్పు, నూనె ఇండ్లల్ల పెట్టుకోండ్రి! రేపు దొరుకది!"

ఈ మాట ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. నాయకుడు తల తిప్పి నావైపు చూశాడు. కానీ అప్పటికే ఈలలు, చప్పట్లు. ఆయనా చెయ్యెత్తి నినాదం అందుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కారులో నా భుజం తట్టి, "ఇవాళ జనాన్ని లేపావు కండక్టర్" అన్నాడు. నాకు సంతోషమైంది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

మా అమ్మాయి ఘుగ్గుస్‌లో ఉంటుంది. అల్లుడు బొగ్గు గనిలో పనిచేస్తాడు. మర్నాడు సాయంత్రం తను ఫోన్ చేసింది.

"బాపూ, ఖబర్ విన్నవా? ఈడ బాంబులు పడ్తయట. కాలనీల అందరు గదే అంటున్నరు. ఉప్పు గూడ దొరుకదట. నేను పది ప్యాకెట్లు తెచ్చిపెట్టిన. నువ్వు గూడ తెచ్చుకో."

"ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"లారీ డ్రైవర్లు మోసుకొచ్చిన్రు. ఫోన్ల హిందీ మెసేజ్ గూడ తిరుగుతుంది. మా పక్కింటోళ్లు బిహారోళ్లు గద, పిల్లల్ని తీస్కొని ఊరికి పోతమని మూటలు కడ్తున్నరు. ఆగు, మెసేజ్ చదువుత."

చదివింది. 'నమక్, దాల్, తేల్ ఘర్ మే రఖో. కల్ నహీ మిలేగా.'

ఉప్పు, పప్పు, నూనె. అదే వరస. రేపు దొరకదు. అదే ముక్తాయింపు. లక్కడ్‌కోట్ టెంటు కింద నేను తెలుగులో అన్న మాట ఒక్క రోజులో రాజురా దాటి, వర్ధా నది వంతెన దాటి, లారీల మీద ఘుగ్గుస్ చేరి, హిందీ మాట్లాడుతూ నా కూతురి నోట నా చెవికే వచ్చింది.  దేవుడి ముందు నిలబడ్డా అంత వణుకు రాలేదు ఎప్పుడూ. మనిషి నోటిమాటకు ఇంత నడక ఉంటుందా?

"బాపూ, వింటున్నవా?" అంటోంది తను.

ఆ మాట నాదే బిడ్డా అని చెప్పలేకపోయాను. చెప్పులేసుకుని బజారుకు పోయాను. మాకు తెలిసిన తెలుగాయన కిరాణా దుకాణం ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆయన షట్టరు సగం దించి, చెమట తుడుచుకుంటూ నాతో అన్నాడు: "ఉప్పు ఖతం అన్నా. ఉప్పుకోసం కొట్లాడుడు మా నాయిన కాలంల గూడ చూడలే." నేను తలదించుకుని ఇంటికి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున్నే ఒకావిడ మా గడప ముందు నిలబడింది. చూడగానే గుర్తుపట్టాను. లక్కడ్‌కోట్ దగ్గర పల్లెలో పత్తి చేను ఆమెది. భర్త పోయి చాలా ఏళ్లయింది. వంకాయలో, పచ్చిమిరపకాయలో గంపలో పెట్టుకుని నా బస్సులో రాజురా వెళ్లేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె తమ్మీ అంటుంది. ఒక్కడే కొడుకు. ఫౌజులో సిపాయి.

మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని నేరుగా అడిగింది.

"తమ్మీ, నువ్వు రెండు దినాలన్నవ్. ఇయ్యాల మూడోది. లడాయి షురూ అయ్యిందా?"

నేను గడప మీద కూర్చుండిపోయాను.

"పోరని ఫోన్ మొన్న రాత్రి నుంచి బంద్ ఉన్నది. కోడలు పురిటికని గోండ్‌పిప్రిల తల్లిగారింట్ల ఉన్నది. ఏడో నెల. నీ మాట ఆమె చెవుల పడ్డప్పటి సంది ముద్ద ముడ్తలేదు. అందుకే నిన్నే అడుగుదమని వచ్చిన. నీకు తెలుసు గద?"

"అక్కా, నేను చెప్పలే. సాహెబ్ చెప్పిండు."

ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"సాహెబ్ మరాఠీల చెప్పిండు. నాకు మరాఠీ సమజ్ కాదు. నాకు చెప్పింది నువ్వే. బస్సు రాదని నువ్వంటే ఇంటికి మర్లిపోతుంటిమి. వస్తదంటే ఎండల నిలబడుతుంటిమి. నీ మాట ఎన్నడు తప్పలే. అందుకే నమ్మిన."

ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు మెడల్ రాలేదు, సన్మానం జరగలేదు. నా మాట నమ్మి మనుషులు ఎండలో నిలబడ్డారన్న సంగతి ఆ పొద్దున ఆమె చెబితే గానీ నాకు తెలియలేదు. తెలిసింది కూడా ఆ నమ్మకాన్ని నేను పాడుచేసుకున్న తర్వాతే.

"నాకు తెల్వదక్కా," అన్నాను. "ఉప్పు పప్పు మాట నేనే కలిపిన. తక్కింది ఆయన్నే అడగాలె."

"అయితే నడువ్. అడుగుదం."

ఆటోలో నాయకుడి ఇంటికి వెళ్లాం. వరండా నిండా కార్యకర్తలు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమెను చూసి నాయకుడు లేచి నిలబడ్డాడు. 'ఆయీ' అని, అంటే అమ్మా అని, చేతులు జోడించి కుర్చీ వేయించాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను. ఆ రోజు ఒక్క అక్షరం కూడా కలపకూడదని, ఒక్క అక్షరం కూడా తీయకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

"ఖబర్ ఎవలు పంపిన్రో అడుగు. నా కొడుకు ఉన్నడో లేడో వాళ్లకు ఎరుకైతది గద" అందామె.

చెప్పాను. నాయకుడు అలవాటైన గొంతులో, "ఆయీ, నీ కొడుకు సింహం. నీలాంటి తల్లిని చూసి దేశం గర్వపడుతుంది" అన్నాడు.

అదీ చెప్పాను. ఆమె విని, తల అడ్డంగా ఊపింది.

"గది నేను అడుగలే."

వరండాలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె కొంగు సర్దుకుని, గొంతు పెంచకుండానే చెప్పింది.

"మా దిక్కు అడవి గద. ఎవడన్న పులి వచ్చిందని ఊర్లెకు ఉరికొస్తే మూడు ముచ్చట్లు అడుగుతం. కండ్లార చూసినవా? దాని అడుగు జాడ చూసినవా? లేకుంటే ఎవలన్న అంటే విన్నవా? విన్నోడు విన్ననని చెప్పాలె. చూసిననని చెప్పద్దు. ఎందుకంటే ఆ మాటకు చేన్లకు పోవుడు బంద్ అయితది. గొడ్లు ఆకలికి సస్తయి. పులి మాట ఊకెనే అనద్దు. సాహెబ్ గూడ ఈ దిక్కోడే గద. సాహెబ్ చూసిండా, జాడ చూసిండా, విన్నడా? గంతే అడుగు."

నేను మరాఠీలో చెబుతుంటే ఆయన ముఖం మారుతూ వచ్చింది. ఆయన తండ్రి అడవి అంచున పశువులు మేపినవాడని నాకు తెలుసు. ఆ మూడు ప్రశ్నలు ఆయన చిన్నప్పుడు విననివి కావు. కార్యకర్తలను బయటికి పొమ్మని సైగ చేశాడు.  వాళ్లు పోయాక ఒక్క మాట అన్నాడు.

"ఐకలం."

అంటే విన్నాను అని. నేను తెలుగులో చెప్పేలోపే ఆమెకు అర్థమైనట్టుంది. అయినా చెప్పాను. "విన్నడట అక్కా."

తర్వాత ఆయన తనంతట తానే అంతా చెప్పాడు. పైనుంచి ఏ కబురూ రాలేదు. ఫోన్‌లో ఎవరో పంపింది చూశాడు. జనం కునికిపాట్లు పడుతున్నారు, లేపాలనుకున్నాడు. అంతే.

ఆమె తిట్టలేదు, శపించలేదు. "అయితే నా కొడుకు ముచ్చట సాహెబ్‌కు ఎరుకలేదన్నట్టు" అని ఊపిరి పీల్చుకుంది. "మంచిది. ఎరుకలేదంటే నేను గూడ దేవుని మీద భారమేసి ఉంట. కోడలికి గదే చెప్త. కని సంతల గూడ చెప్పుమను. యాడ చెప్పిండో గాడనే చెప్పుమను." ఇంకేమీ అడగలేదు. టీ తెస్తుంటే వద్దని లేచింది. గోండ్‌పిప్రి బస్సుకు వేళవుతోందని నన్ను తొందర పెట్టింది.

ఆయన చెబుతాడని నేను అనుకోలేదు. కార్యకర్తలైతే గొడవే పెట్టారు. ఒప్పుకుంటే ఎలక్షన్ పోయినట్టేనని, రెండు వారాలు పోతే జనమే మరిచిపోతారని నా ముందే అన్నారు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి సంత రోజు పొద్దున మా ఇంటి ముందు కారు ఆగింది. లోపల ఆయన ఒక్కడే, డ్రైవర్‌తో.  రాజురా దాటాక, "చెప్పాల్సిన మాట ఒకసారి వింటావా?" అన్నాడు. మూడుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. వేలమంది ముందు తడబడని మనిషి.

టెంటు లేదు, దండలు లేవు. వేపచెట్టు నీడలో ఒక చెక్కబల్ల, రెండు మైకులు. సంతకు వచ్చినవాళ్లు మళ్లీ ఏం చెబుతాడోనని గబగబా మూగారు. ఆ రోజు లేపాల్సిన అవసరం లేకుండానే అందరూ మేలుకుని ఉన్నారు.

"పోయిన వారం నాకు పైనుంచి కబురు వచ్చిందని చెప్పాను. ఏ కబురూ రాలేదు. ఫోన్‌లో చూసిన మాట నిజమో కాదో కనుక్కోకుండా చెప్పాను. మీరు నా మాట వినడం లేదని అలా చెప్పాను. అది తప్పు."

ఆయన ఆగాడు. అది నేను చెప్పాల్సిన వంతు.  ఉన్నదున్నట్టు చెప్పాను. జనం కదల్లేదు. వెనక్కి తిరిగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మన నాయకులు బల్లెక్కి ఎదుటివాడి తప్పు చెప్పడం చూశాను. తన తప్పు తానే, జనం అడగకుండా చెప్పడం నా అరవై ఏళ్లలో అదే మొదటిసారి చూడటం. 

ఆయన చెబుతూ పోయాడు. "యుద్ధం వస్తుందో రాదో నాకు తెలియదు. ఈ జిల్లాలో తెలుసునని ఎవరైనా అంటే నమ్మకండి. కలెక్టర్ ఆఫీసుకు వెళ్లి అడిగి వచ్చాను. సరుకులకు కొరత లేదన్నారు. సైరన్ మోగితే దీపాలు ఆర్పి ఇంట్లో ఉండాలన్నారు. నాకు తెలిసింది ఇంతే."

అది కూడా చెప్పి, నేను ఆగాను. తర్వాత ఆయన మాట కోసం చూడకుండా నా మాట చెప్పాను. "ఉప్పు, పప్పు, నూనె పెట్టుకోండ్రని సాహెబ్ అనలే. గది నేనే కలిపిన. తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి."

 అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన గట్టిగా అరిచాడు. "మరి మా ఇంట్ల పదిహేను కిలోల ఉప్పు ఉన్నది. ఎవలు తింటరు కండక్టర్ సాబ్?"

సంతంతా ఘొల్లుమంది. నాయకుడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనా నవ్వాడు. కళ్లు తుడుచుకోవడం మాత్రం నేను చూశాను.

కొద్ది రోజులకు దేశ సరిహద్దులో కాల్పులు ఆగాయని వార్త వచ్చింది. ఆ మర్నాడు అక్క కొడుకు ఫోన్ చేశాడట. కోడలు ఆ పూట రెండు రొట్టెలు తిన్నదని నాకు కబురు చేసింది.

నాయకుడి సంగతి మాత్రం కార్యకర్తలు చెప్పినట్టే అయింది. 'అబద్ధం ఆడానని తానే ఒప్పుకున్నాడు' అంటూ ఎదుటిపక్షం వాళ్లు ఆ వీడియో ఊరూరా తిప్పారు. ఎలక్షన్‌లో ఆయనకు టికెట్ రాలేదు. నేను పలకరించడానికి వెళితే పెరట్లో మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. బాధ లేదని అనలేదు. "బాధగానే ఉంది. కానీ అన్నం సహిస్తోంది కండక్టర్" అన్నాడు.

వానలు మొదలయ్యాక అక్క కొడుకు సెలవు మీద వచ్చాడు. రాజురా బస్టాండులో కనబడ్డాడు. అప్పటికి వాడికి కూతురు పుట్టింది, చూడటానికి గోండ్‌పిప్రి వెళుతున్నాడు. నా కాళ్లకు దండం పెట్టబోతే పట్టుకుని లేపాను. అక్కడ ఎలా గడిచిందని అడిగాను. వాడు సంచీ భుజం మార్చుకుని కాసేపు ఆలోచించాడు.

"మామా, మా కష్టం మాకు అలవాటే. కని మాతోని గోండ్‌పిప్రోడు ఒకడుండె. ఫోన్లు బంద్ అయ్యేకంటె ముందుగాల వాని ఇంటి నుంచి మెసేజ్ వచ్చింది. చంద్రపూర్ల బాంబులు పడ్తయి, ఉప్పు గూడ దొరుకుత లేదని. ఆ తర్వాత ఫోన్ లేదు, ఖబర్ లేదు. పదిపన్నెండు దినాలు మేమిద్దరం గక్కడ కూసొని మీకోసమే భయపడ్డం. అవ్వ ఉన్నదో లేదో అనుకున్న."

అంత దూరం. నా మాట అంత దూరం పోయింది. దేశం అంచున తుపాకీ పట్టుకుని నిలబడిన వాడి గుండెలో కూడా దూరి కూర్చుంది.

"గా మాట అన్నది నేనే బిడ్డా" అన్నాను.

వాడికి తెలుసట. అవ్వ చెప్పిందట.  గోండ్‌పిప్రి బస్సు వచ్చి ఆగింది. జనంతో పాటు వాడూ ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. చినుకులు పడుతుంటే అద్దం దించి, కింద నిలబడ్డ నాతో "మామా, తడుస్తున్నవ్, షెడ్డు లోపటికి జరుగు" అన్నాడు.